పేరు చెప్తెనే పెట్టె

భివండీలోని ఆ ధర్మాసుపత్రిలో చాలా ఏళ్లు నెత్తురుకు కాళ్లు లేవు. బంధువుల కాళ్లే దాని కాళ్లు. కింది అంతస్తు కిటికీలోంచి ఎవరిదో చెయ్యి బయటికొచ్చి సంచీని అందించేది, "వార్డుకు తీసుకుపో" అన్న ఒక్క మాట వెంట వచ్చేది. ఎలా పట్టుకోవాలో, ఎంతలోగా చేర్చాలో, ఎవరికి ఇవ్వాలో చెప్పే నోరు ఆ కిటికీకి లేదు. దూది కట్ట కొన్నట్టు, మందుసీసా తెచ్చినట్టు, మనిషి ప్రాణాన్ని నల్ల క్యారీబ్యాగులో వేసుకుని జనం మెట్లెక్కేవారు.

కనకవ్వ కూడా అలాగే ఎక్కింది. అప్పటికి ఆమె కనేరిలో సాంచలు, అంటే మరమగ్గాలు, ఆడే ఒక కార్ఖానాలో కండెలు చుట్టేది. అదే కార్ఖానాలో భర్త గాలయ్య సాంచలు నడిపేవాడు. తొంభై ఆరు ఎండాకాలంలో తిరుగుతున్న బెల్టు అతని ఎడమచేతిని లాక్కుంది. ఆసుపత్రిలో కిటికీ అందించిన సంచీ ఆమె అరచేతికి మంచుగడ్డలా తగిలింది. బాలింతకు చన్నీళ్లు ముట్టనివ్వని ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. పాణం పోయేటోనికి గింత సల్లటి నెత్తురు ఎక్కిస్తే ఉన్న వేడి కూడా పోతది కదా అనుకుంది. గేటు పక్కన చాయ్ హోటలువాణ్ని బతిమాలి, మరుగుతున్న నీళ్లు గిన్నెలో పోయించి, సంచీని అందులో ముంచింది. గోరువెచ్చన కాగానే కొంగుకింద దాచుకుని పరుగెత్తింది. నర్సు ఆ సంచీ రంగు చూసి, బకెట్లో పారేసింది.

ఠాణే నుంచి మరో సంచీ వచ్చేదాకా గాలయ్య ఊపిరి దారప్పోగులా వేలాడింది. బతికాడు. ఎడమచెయ్యి మాత్రం మునుపటిలా లేవలేదు. నాగావ్‌లో ఒక కార్ఖానాకు కాపలాదారుగా కుదిరాడు. ఆసుపత్రి తన కాగితాల్లో రాసుకున్నది ఇది: "రోగి బంధువు అజ్ఞానం వల్ల రక్తం చెడిపోయినది." ఆ వాక్యాన్ని ఒకసారి నిదానంగా చదవాలి. చెడిపోయిందన్నది నిజం. బంధువు చేతిలో చెడిపోయిందన్నదీ నిజమే. ఆ సంచీని బంధువు చేతిలో పెట్టిందెవరన్నది మాత్రం ఆ వాక్యంలో లేదు. తన విధిని అవతలివాడి నెత్తిన పెట్టి, అది జారిపడగానే వాడి నెత్తినే తప్పుపట్టే సంస్థకు ధర్మం అన్న మాటను గేటు మీద రాసుకునే హక్కు ఎక్కడిది?

కనకవ్వకు ఈ భాష రాదు. కాని ప్రశ్న అదే. తర్వాత అదే ఆసుపత్రిలో ఆయాగా చేరి, కనిపించిన ప్రతి తెల్లకోటునూ అదే అడిగింది. "నెత్తురు ఉడకబెట్టొద్దని నాకు ఎవలు చెప్పిండ్రు? చెప్పినోని పేరు చెప్పుండ్రి, పోయి కాళ్లు మొక్కుత." కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. ఆమె గొంతు వరండా ఈ చివర ఎత్తితే ఆ చివర వినిపించేది. సాంచల మోత మీదుగా మాట్లాడి మాట్లాడి పెరిగిన గొంతు అది, ఆసుపత్రి కోసం తగ్గలేదు.

రెండు వేల మూడులో రక్తం నిల్వచేసే గదికి డాక్టర్ ప్రగతి వచ్చింది. భివండీలో పుట్టి మరాఠీ బడిలో చదువుకున్న తెలుగు పిల్ల. ఆమె ఆ ప్రశ్నకు నవ్వలేదు. కుర్చీ జరిపి, "బైస్ నా కనకవ్వా, కూసో. ఎవరూ చెప్పలే కదా, ఇప్పుడు నేను చెప్త," అంది. నెత్తురు వేడి తగిలితే ఎందుకు విరుగుతుందో, మంచుగడ్డ నేరుగా తగిలినా ఎందుకు అంతే చెడుతుందో చెప్పింది. ఫ్రిజ్‌లోంచి తీశాక అరగంటలోపల ఎక్కించడం మొదలుపెట్టాలి, లేదా వెనక్కి తెచ్చి అప్పగించాలి అంది. అన్నిటికంటే పెద్ద మాట చివర చెప్పింది.

"చెడిపోయిన నెత్తురుకన్నా డేంజర్ ఏందో తెలుసా? మంచి నెత్తురే, కాని వేరేవాళ్లది. ఒకరి గ్రూపు ఇంకొకరికి పోతే ఖతం. అందుకని మంచం కాడికి పోయినంక పేరు నువ్వు చెప్పొద్దు. వాళ్లతోని చెప్పించాలె."

"నేను చెప్తే ఏమైతది?"

"నువ్వు 'మల్లేశమేనా' అంటే సగం మంది నిద్రల అవునంటరు. ఏక్‌దమ్ సీదా అడుగు, 'నీ పేరేంది?'"

న్యాయస్థానాల్లో కూడా ఇదే నియమం ఉంది. తాను పిలిపించిన సాక్షి నోట్లో జవాబును ముందే పెట్టే ప్రశ్నను అక్కడ వకీలును అడగనివ్వరు. ఇళ్ల సరిహద్దు తగాదాకు ఉన్నంత జాగ్రత్త మనిషి నరానికి ఉండకూడదా?

ఇద్దరూ కలిసి ట్రస్టు మేనేజరు కోదండరామయ్య దగ్గరికి వెళ్లారు. ధామన్‌కర్ నాకాలో ఆయనకు బట్టల దుకాణం ఉంది. నిజాయితీపరుడే. అయితే ఆసుపత్రిని కూడా దుకాణంలాగే చూసేవాడు. గల్లా ముందు జనం గుమిగూడితే ఆయనకు చెమట పట్టేది. చాలాసేపు వాదించాక ఒక మెట్టు దిగాడు.

"సరే, సంచీలు బంధువులకివ్వం. కనకవ్వే మోస్తుంది. దీపావళి దాకా చూద్దాం. ఆలస్యమైందని ఒక్క ఫిర్యాదు వచ్చినా పాత పద్ధతే. మళ్లీ నా దగ్గరికి రావద్దు."

అలా పెట్టె వచ్చింది. పోలియో చుక్కల మందు మోసే నీలం పెట్టెలాంటిదే. పక్కలకు మంచుపలకలు, వాటికీ సంచీకీ మధ్య గుడ్డ మడత. దాన్ని భుజాన వేసుకుని కనకవ్వ మెట్లెక్కుతుంటే, బాలింతల వార్డులో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నోళ్లు తెరిపించి ఎదురొచ్చేవారు. "చుక్కలు గాదమ్మా, నెత్తురు! పోరని నోరు ముయ్యి, ఈగలు పోతయి," అంటూ ఆమె దారి చేసుకుని పోయేది. ఆగేది కాదు. దారిలో దేవుడెదురైనా పెట్టె దించనని అందరితో గొప్పలు చెప్పుకునేది.

శ్రావణానికి ముందు వానలు భివండీని పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం మగవాళ్ల వార్డుకు ఒక సంచీ వెళ్లాలి. చీటీ మీద పేరు రాజమౌళి, మంచం ఏడు. ప్రగతి చీటీని, సంచీని రెండుసార్లు పోల్చి పెట్టెలో పెట్టి పంపింది. పంపి, ప్రసవం కష్టమైన ఒక మనిషి కోసం ఆపరేషన్ గదిలోకి వెళ్లింది.

కనకవ్వకు తెలియనిది ఒకటుంది. ఆ ఉదయం వార్డు కప్పు ఒక మూల కారింది. హనుమాండ్లు అనే సాంచల కార్మికుడు అప్పుడే కడుపు ఆపరేషన్ అయి, మత్తులో ఉన్నాడు. అతను తడుస్తున్నాడని ఏడో నంబరు చోటికి తెచ్చారు. అక్కడున్న రాజమౌళి లేచి తిరగగలడు గనుక అతన్ని వెనక వరండాలోకి పంపారు. మనుషులు మారారు. గోడ మేకుకు వేలాడే కేస్‌కాగితాలు మారలేదు. మార్చిన సిబ్బంది పూట ముగించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. మధ్యాహ్నం వచ్చిన నర్సు సుశీలాబాయికి ఎవరూ చెప్పలేదు. ఒక్క మాట, ఒక్క మేకు. ఇంతకంటే ఖరీదైన కుట్ర ఏదీ అవసరం లేదు, మనిషిని చంపడానికి.

ఏడో నంబరు మంచం పక్కన హనుమాండ్లు భార్య వెంకవ్వ కూర్చుని ఉంది. నెత్తురు ఎక్కించాల్సి రావచ్చని డాక్టర్లు పొద్దున ఆమెకూ చెప్పారు. పెట్టెను చూడగానే లేచి చేతులు జోడించింది.

కనకవ్వ వానకు తడిసి, మెట్లెక్కిన ఆయాసంలో ఉంది. నోరు జారింది.

"అక్కా, రాజమౌళి ఇంటోళ్లేనా?"

వెంకవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని తల ఊపింది.

ఆమె అబద్ధమాడలేదు. ఆమె మామ పేరు రాజమౌళే. సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరసగా రాసే ఈ ఊరి పద్ధతిలో, రేషన్ కార్డు మొదలు కార్ఖానా దాకా ఆమె మొగుడి పేరు వెనక మామ పేరు అంటుకునే ఉంటుంది. 'రాజమౌళి ఇంటోళ్లు' అంటే తామే. అవునా అంటే అవునే.

పెట్టె మూత సగం లేచింది. సుశీలాబాయి సూదీ గొట్టం సిద్ధం చేస్తోంది. అప్పుడు కనకవ్వ చెయ్యి ఆగింది. పేరు చెప్పింది ఎవరు? తానే. మూత టప్పున మూసింది.

"తప్పయింది సిస్టర్. పేరు నేనే అందిచ్చిన. మల్లా అడుగుత." వెంకవ్వ వైపు తిరిగింది. "అక్కా, తల ఊపుడు గాదు. నోటితోని చెప్పు. మీ ఆయన పేరేంది?"

వెంకవ్వ ముఖం ఎర్రబడింది. "గదేం అడుగుడు? ఆయినె పేరు నేనెట్ల చెప్త?"

"చెప్పాలె."

"మా పిల్లల నాయిన."

"ఊరందరి పిల్లలకు నాయినలుంటరు. పేరు?"

"గోడకు కాగితముంది చూస్కోరాదు!"

సుశీలాబాయి కాగితం చూసింది. రాజమౌళి. సంచీ చూసింది. రాజమౌళి. "దోనో బరాబర్ హై, కనకవ్వా," అంది. అన్నాక కూడా సూదిని చేతిలోకి తీసుకోలేదు. ఆమెకు ఆ నియమం గుర్తుంది. రోగి పేరు రోగి పక్షాన వినాలి, గోడ పక్షాన కాదు.

ఈలోగా గొడవ కింది అంతస్తుకు చేరింది. కోదండరామయ్య గొడుగు మడవకుండానే వచ్చాడు, వెనక నీళ్ల చార.

"ఏమిటిది? కాగితం ఉంది, సంచీ ఉంది, భార్య తల ఊపింది. ఇంకేం కావాలి నీకు, దస్తావేజు కావాలా?"

"పేరు గావాలె సారూ."

"అరగంట అరగంట అని మీరే కదా నా ప్రాణం తీశారు! ఆ అరగంట నీ పంచాయితీకేనా? ఎక్కించనియ్యి. లేదా పెట్టె ఇక్కడ పెట్టి వెళ్లు. రేపటినుంచి ఎవరి సంచీ వాళ్లే తెచ్చుకుంటారు."

రేపటినుంచి. ఆ మాట కనకవ్వ గుండెలో దిగింది. వెనక్కి తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెడితే ఆలస్యం కింద ఫిర్యాదు అవుతుంది, పెట్టె పోతుంది, మళ్లీ కిటికీలోంచి చేతులు వస్తాయి. ఎక్కించనిస్తే పెట్టె మిగులుతుంది. కాని పేరు తెలియకుండా ఎలా? ఆమె పెట్టెను పొట్టకు హత్తుకుని మంచానికీ సూదికీ మధ్య నిలబడింది.

"పెట్టె గుంజుకుంటే గుంజుకో సారూ. పేరు లేంది మాత్రం తెరువ."

వార్డు మొత్తం లేచి కూర్చుంది. వెంకవ్వ అవమానంతో ఏడుపుకు దగ్గరైంది. ఆమెను కసిరితే నోరు ఇంకా బిగుసుకుంటుందని కనకవ్వకు తెలుసు. తానూ ఆ కట్టులోనే పెరిగింది. మొగుడి పేరు ఎత్తితే అతని ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడు వినని ఆడది తమలో లేదు. మరి ఆ పేరు ఎత్తనిచ్చే చోటు ఒక్కటీ లేదా? ఉంది. కొత్త కోడలు గడప తొక్కే పూట ఉంది.

ఆమె పెట్టెను ఎడమచంకన పెట్టుకుని, కుడిచేతిని మంచానికి అడ్డంగా చాపింది, ఆడబిడ్డ గడపకు అడ్డం నిలిచినట్టు. గొంతు మార్చింది.

"ఓ వదినే! ఇల్లు సొచ్చేటప్పుడు నీ ఆడబిడ్డలు అడ్డం నిలవడలేదా? మొగని పేరు చెప్తెనే లోపలికన్నరా లేదా? నేను ఇయ్యాల నీ ఆడబిడ్డను. పేరు చెప్పు, నెత్తురు లోపలికి తోల్త. చెప్పకపోతే గడప దాటనియ్య!"

ఎవరో కిసుక్కుమన్నారు. వెంకవ్వ తడి కళ్లతోనే ఎగాదిగా చూసింది. భివండీలో ముప్ఫై ఏళ్లు బతికిన మనిషి; ఊరికే లొంగుతుందా?

"మస్తు చెప్పొచ్చినవు తియ్యి, ఆడబిడ్డా! నువ్వు చెప్తవా మీ ఆయన పేరు? గింతమంది మొగోళ్ల ముందట? చెప్పు సూద్దాం!"

ఇది కనకవ్వ ఎదురుచూడనిది. పెళ్లినాటి గడప దగ్గర గొణిగిందే తప్ప ఆమె ఆ పేరును మళ్లీ ఎన్నడూ పలకలేదు. గాలయ్య బెల్టులో పడ్డనాడు కూడా "ఓ పిల్లల నాయినా" అనే అరిచింది. కోదండరామయ్య గడియారం చూశాడు.

కనకవ్వ కళ్లు మూసుకుంది.

"కనేరి గల్లీల కండెలు చుట్టిన,
బెల్టు గుంజినా బతికొచ్చిన మొగోడు,
బువ్వల ఉప్పు లేకున్నా నోరెత్తనోడు...
గాలయ్య! మా గాలయ్య! ఇన్నరా అందరు?"

వార్డు చప్పట్లతో మోగింది. సుశీలాబాయికి తెలుగు అంతగా రాకపోయినా, ఆ లయ ఆమెకు తెలుసు. తమ మరాఠీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు భర్త పేరును పాదంలో పొదిగి చెప్పే ఆచారమది. "ఉఖాణా!" అని కేక వేసింది. "ఆతా తుమ్హీ ఘ్యా, వహినీ! ఇప్పుడు నీది!"

ఇక తప్పించుకోవడానికి దారి లేదు. వెంకవ్వ కొంగును నడుముకు దోపి, మత్తులో ఉన్న మొగుణ్ని ఒకసారి చూసి, మెడ నిటారుగా పెట్టింది.

"సాంచ ఆగంగనే సద్ది విప్పేటోడు,
సంతల నా కొంగు ఇడువనోడు,
గింతమంది ముందట నా పరువు తీసినోడు...
హనుమాండ్లు!"

చప్పట్లు లేచి, మధ్యలోనే విరిగిపోయాయి. సుశీలాబాయి చేతిలో చీటీ ఉంది. ఆమె దాన్ని మళ్లీ చదివింది.

"కాయ్? హనుమాండ్లు?"

"ఔ. హనుమాండ్లు. మల్లా చెప్పాల్నా?"

"మరి రాజమౌళి ఎవలు?" అంది కనకవ్వ.

వెంకవ్వ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకరోజులో రెండు పేర్లా? "మా మామ," అంది గొణుగుతూ. "సచ్చి పదేండ్లాయె."

సుశీలాబాయి హనుమాండ్లు అసలు కేస్‌కాగితాన్ని కారుతున్న మూల మేకు నుంచి పీకి తెచ్చింది. అతనిది 'ఓ' గ్రూపు. పెట్టెలోది 'బి'. ఆమె ఆ రెండు అక్షరాలనూ కోదండరామయ్య ముందు పెట్టింది. ఆయనకు వైద్యం తెలియదు కాని, గుడ్డ తప్పు కొలిస్తే మళ్లీ కొలవొచ్చనీ, ఇది అలాంటి తప్పు కాదనీ ఆ నర్సు ముఖం చూస్తే అర్థమైంది. అప్పుడు గొడుగు మడిచాడు.

"వరండాల ఒకాయన ఉన్నడు," అన్నాడు ఎదుటి మంచం మనిషి. "పొద్దుగాల ఈడ్నే ఉండె."

అందరూ వరండా వైపు కదిలారు. ముందు పెట్టె, వెనక సూదితో సుశీలాబాయి. అక్కడ బక్కపల్చటి మనిషి ఒకడు గోడవైపు తిరిగి, చెవులదాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. కనకవ్వ ఈసారి నోరు అదుపులో పెట్టుకుంది.

"అన్నా, నీ పేరేంది?"

"రాజమౌళి. ఏందమ్మా లోపల చప్పట్లు? ఎవలిదన్న లగ్గమా?"

"లగ్గమే. నీ బారాతు ఇప్పుడొచ్చింది. చెయ్యి సాపు."

కాగితం, సంచీ, నోటిమాట మూడూ ఒక్కటయ్యాయి. సుశీలాబాయి మరోసారి చదివింది, కనకవ్వ మరోసారి అడిగింది, రాజమౌళి విసుక్కుంటూ మరోసారి చెప్పాడు. మొదటి చుక్క గొట్టంలోకి దిగేటప్పటికి ఇంకా అరగంట కాలేదు.

ఆపరేషన్ గది నుంచి వచ్చిన ప్రగతికి విషయం చెప్పారు. ఆమె కనకవ్వను కావలించుకుంది, ఆ వెంటనే తిట్టింది కూడా. "మొదలు పేరు నువ్వే ఎందుకు చెప్పినవ్?"

"చెప్పిన, తప్పే. మల్లా మూసిన గదా మూత! మూసింది ఎవ్వలు చెప్పరు!" అని కనకవ్వ ఎదురు తిరిగింది.

కబురు నాగావ్ దాకా పాకింది. ఆ సాయంత్రం కార్ఖానా గేటు దగ్గర పోరగాళ్లు గాలయ్యను చుట్టుముట్టారు. "కాకా, కనకవ్వ కాకీ నీ పేరు దవాఖానల ఏలం పెట్టిందట!" ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, అతను చాలాసేపు ముద్ద ఎత్తలేదు. "ఏమన్నవే?" అని చివరికి అడిగాడు. "అందరికీ ఇనిపించింది, నేనొక్కణ్నే ఇనలేదు." కనకవ్వ పప్పు వడ్డించింది. "తిను, గాలయ్యా," అంది. ఆ మనిషి ఆయుష్షు ఏమీ తగ్గలేదు. ఆకలి మాత్రం పెరిగింది.

మరునాడు కోదండరామయ్య ఆమెను గదికి పిలిపించాడు. పెట్టె ఉంటుందన్నాడు, దీపావళి గడువు లేదన్నాడు. కప్పు బాగుచేయిస్తానన్నాడు. మంచం కదిలితే కాగితం కూడా కదలాలని హుకుం రాయించానన్నాడు. క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు. కుర్చీ మాత్రం చూపించాడు. కనకవ్వ కూర్చోలేదు.

"నాకు జరమొస్తే ఎవలు మోస్తరు సారూ?"

"అదేమిటి?"

"నేను ఊరికి పోతే, సచ్చిపోతే? మల్లా కిటికీలకెళ్లి ఇస్తరా? నేనున్న దినమే పద్ధతి ఉంటే అది పద్ధతెట్లయితది? ఇంకో మనిషిని ఇయ్యుండ్రి. ఇంకో పెట్టె ఇయ్యుండ్రి."

కోదండరామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బేరంలో ఓడిపోయినట్టు తెలిసిన వ్యాపారి తీరికగా చేసే పని అది. ఒక మనిషి దయ మీద నిలిచేది ఉపకారం. ఆ మనిషి లేనినాడు కూడా నిలిచేది హక్కు. కనకవ్వ ఆ గదిలోంచి హక్కుతో బయటికొచ్చింది. వారం తిరక్కుండా రెండో పెట్టె వచ్చింది.

దాన్ని మోయడానికి వచ్చిన పిల్ల పేరు పూనం, కొత్తగా పెళ్లయి కనేరికి కాపురానికి వచ్చింది. మెట్ల కింద నిలబెట్టి కనకవ్వ ఆమెను తల నుంచి కాళ్లదాకా చూసింది.

"మీ ఆయన పేరేందే?"

"స్వప్నిల్!" అంది ఆ పిల్ల, రెప్ప కూడా వెయ్యకుండా. "క్యూఁ, అవ్వా?"

"సిగ్గన్నది లేదు పొల్లకు," అంది కనకవ్వ, పట్టలేని సంతోషంతో. "పెట్టె ఎత్తు. పైకి పోదాం."